అంతరిక్షంలో ఒక రోజు: తేలడం తక్కువ, చాకిరీ ఎక్కువ

మీ ప్రశ్న ఇది: అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం చేస్తారు? తిండి, స్నానం, నిద్ర ఎలా? అన్ని నెలలు ఒకే డబ్బాలో ఉంటే బోర్ కొట్టదా? వీడియోల్లో వాళ్లెప్పుడు చూసినా పల్టీలు కొడుతూ, నీటి ఉండలు మింగుతూ కనిపిస్తారు కాబట్టి ఈ సందేహం వచ్చి ఉంటుంది.

ముందే చెప్పేస్తాను, నేను అంతరిక్షానికి వెళ్లినవాణ్ని కాదు. డాక్టర్ని. బరువు లేకపోతే మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో చూసే 'బెడ్ రెస్ట్' ప్రయోగాల్లో చాలా ఏళ్లు పని చేశాను. మంచాన్ని తల వైపు 6 డిగ్రీలు కిందికి వంచి, ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని వారాల తరబడి దాని మీదే పడుకోబెడతాం. తిండి, స్నానం, మిగతావన్నీ అక్కడే. మొదటి రోజు నవ్వుకుంటూ పడుకున్నవాళ్లే మర్నాటికి ముక్కు దిబ్బడేసింది, మొహం ఉబ్బింది అంటారు. వ్యోమగాములూ మొదటి రోజుల్లో సరిగ్గా అదే మాట చెబుతారు. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా ఒంటి వైపు నుంచి ఉంటుంది. రాకెట్ల సంగతి తెలిసినవాళ్లు వేరే ఉన్నారు.

నాకు అర్థమైనంతలో అసలు విషయం ఒకటే. భూమ్మీద బరువు అనేది జీతం బత్తెం లేని పనిమనిషి లాంటిది. రాలిన ముక్కల్ని నేల మీదికి చేరుస్తుంది, నీళ్లను తూములోకి పంపిస్తుంది, మనం వదిలిన వేడి గాలిని పైకి లేపి చల్లటి గాలిని ముక్కు దగ్గరికి తెస్తుంది, నిలబడ్డ ప్రతిసారీ ఎముకలకు కాస్త పని చెబుతుంది. అంతరిక్షంలో ఈ పనిమనిషి రాదు. ఆ పనులన్నీ మనిషో, మనిషి బాగుచేయాల్సిన యంత్రమో చేయాలి. వాళ్ల రోజులో పెద్ద భాగం అక్కడికే పోతుంది.

అక్కడ భూమి ఆకర్షణే ఉండదు కదా అని కూడా రాశారు. ఉంటుంది. స్టేషన్ తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ కూడా ఆకర్షణ ఇక్కడి దానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కాకపోతే స్టేషనూ, లోపలి మనుషులూ, వాళ్ల టూత్‌బ్రష్షులూ అన్నీ కలిసి ఒకే వేగంతో భూమి చుట్టూ పడిపోతూనే ఉంటాయి. తాడు తెగిన లిఫ్టులో ఉన్నవాడి కాళ్లకు నేల ఆనదు. వీళ్లదీ అదే పరిస్థితి, అడుగున గచ్చు మాత్రం ఎప్పటికీ రాదు.

గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తారు కాబట్టి 24 గంటల్లో 16 సార్లు తెల్లవారుతుంది, 16 సార్లు చీకటి పడుతుంది. సూర్యుణ్ని నమ్ముకుంటే పిచ్చెక్కుతుంది. అందుకని గ్రీన్విచ్ టైమ్ పెట్టుకుని గడియారాన్నే నమ్ముతారు. ఉదయం ఆరింటికి లేవడం, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవడం. మధ్యలో ఏం చేయాలో ఐదేసి నిమిషాల ముక్కలుగా కింద నుంచి రాసి పంపుతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హ్యూస్టన్, హంట్స్‌విల్, మ్యూనిక్, సుకుబా, మాస్కోల్లో భూమ్మీద నుంచి స్టేషన్‌ను నడిపించే కేంద్రాలతో వరసగా మాట్లాడతారు. లాప్‌టాప్‌లో ఆ రోజు షెడ్యూలు మీద ఒక ఎర్ర గీత ఎడమ నుంచి కుడికి జరుగుతూ ఉంటుంది. అది మన పనిని దాటి ముందుకు పోయిందంటే మనం లేటు. భోజనం కూడా ఆ గీత కిందే ఉంటుంది. ఆఫీసులో డెడ్‌లైన్ టెన్షన్ అంటుంటాం కదా, వీళ్లకు అది రోజంతా కళ్ల ముందు కదులుతూనే ఉంటుంది.

మనిషిని ఇలా నిమిషం నిమిషం బిగించేస్తే ఏమవుతుందో 1973లోనే తెలిసింది. ఆ నవంబరులో అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కు వెళ్లిన మూడో బృందంలో జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ ఉన్నారు. ముగ్గురికీ అదే మొదటి యాత్ర. అంతకు ముందు బృందం బాగా చేయి తిరిగాక ఎంత వేగంగా పని చేసిందో, వీళ్లకు మొదటి రోజుల నుంచే దాదాపు అంత పని నెత్తిన పెట్టారు. తప్పులు దొర్లాయి, విసుగు పెరిగింది. డిసెంబరు చివర్లో కార్ కింది వాళ్లతో దాపరికం లేకుండా మాట్లాడాక పద్ధతి మారింది. భోజనాల వేళ జోలికి రావడం మానేశారు, టైముతో పనిలేని చిన్న చిన్న పనుల్ని ఒక పట్టీగా ఇచ్చి వీలున్నప్పుడు చేసుకోమన్నారు. ఆ తర్వాత పని బాగా సాగి 84 రోజులు పూర్తిచేసి దిగారు. వాళ్లు 'సమ్మె చేశారు' అని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. సమ్మె ఏమీ జరగలేదు. తర్వాత పుట్టుకొచ్చిన కథ అది.

ఇక నా సబ్జెక్టు. రోజులో రెండున్నర గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. సామాను సర్దడం, తుడుచుకోవడం అందులోనే. ఇది ఫిట్‌నెస్ సరదా కాదు. వ్యాయామం లేకపోతే తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పల్చబడుతుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఏడాదిలో జరిగే నష్టం అక్కడ నెలలో జరిగిపోతుందన్నమాట. ఎముక చాలా పిసినారి. వాడని చోట ఒక్క పైసా పెట్టుబడి కూడా ఉంచదు, పీకేసి రక్తంలో కలిపేస్తుంది.

డంబెల్ అక్కడ దూదితో సమానం కాబట్టి 'ఏరెడ్' అనే యంత్రం వాడతారు. గాలి తీసేసిన సిలిండర్లలో పిస్టన్‌ను లాగాలి, అదే వాళ్ల బరువు. దాదాపు 270 కిలోల దాకా పెట్టుకోవచ్చు. సైకిలుంది, దానికి సీటు లేదు, ఎలాగూ కూర్చోలేరు. ట్రెడ్‌మిల్ మీద మనిషి ఎగిరిపోకుండా భుజాలకు, నడుముకు పట్టీలు కట్టి సాగే తాళ్లతో కిందికి లాగుతారు. ఆ పట్టీలు ఒరుసుకుని భుజాలు మండుతుంటాయని పరుగెత్తినవాళ్లు చెబుతారు. సునీతా విలియమ్స్ 2007 ఏప్రిల్‌లో, కింద బోస్టన్ మారథాన్ జరుగుతుండగానే, పైన ట్రెడ్‌మిల్ మీద ఆ దూరమంతా 4 గంటల 24 నిమిషాల్లో పూర్తిచేశారు. దాన్ని చాలామంది సరదా వార్తగా చదివారు. పట్టీలు బిగించుకుని నాలుగు గంటలకు పైగా అంటే నాకైతే వెన్ను జలదరిస్తుంది.

ఇంకో సంగతి, చెమట కారదు. ఒంటికి అంటుకుని దళసరి పొరలా పేరుకుంటుంది. తల విదిలిస్తే ఉండలుగా ఎగిరి పక్కవాడి మీదో, లాప్‌టాప్ మీదో వాలుతుంది. అందుకని ఐదు నిమిషాలకోసారి ఆగి తువ్వాలుతో ఒత్తుకోవాలి. ఆ తువ్వాలు ఆరేస్తే ఆవిరైన చెమటను యంత్రం గాలిలోంచి పట్టి, శుద్ధి చేసి, మళ్లీ తాగే నీళ్లలో కలుపుతుంది. అవును, మూత్రాన్ని కూడా.

మూత్రం దగ్గర ఒక చక్కటి ముడి ఉంది. నేను క్లాసు తీసుకున్న ప్రతిచోటా ఇది చెబుతాను. మూత్రాన్ని నీళ్లుగా మార్చే యంత్రం 2008 చివర్లో స్టేషన్‌కు చేరింది. ఏడాది తిరిగేలోపే అది మొరాయించింది. విప్పి చూస్తే లోపల కాల్షియం సల్ఫేట్ గట్టిగా పేరుకుపోయి ఉంది. అంత కాల్షియం ఎక్కణ్నుంచి వచ్చింది? వ్యోమగాముల ఎముకల్లోంచి. ఎముక వదిలిన కాల్షియం రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి వెళ్తుంది. మూత్రం పాడవకుండా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపేవారు. రెండూ కలిసి గొట్టాల్లో సున్నం కట్టేశాయి. 85 శాతం నీళ్లు వెనక్కి తీయాలని తయారుచేసిన యంత్రాన్ని కొన్నేళ్ల పాటు అంతకంటే తక్కువకే నడపాల్సి వచ్చింది. తర్వాత ఆమ్లం మార్చి ఫాస్ఫారిక్ ఆమ్లం వాడారు, మిగిలిన చిక్కటి ద్రవంలోంచి కూడా నీళ్లు పిండే యంత్రం చేర్చారు. 2023 నాటికి మొత్తం మీద 98 శాతం నీళ్లు తిరిగి రాబట్టగలిగారు. ఎముకల డాక్టరూ, పంపుల మెకానిక్కూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాల్సిన చోటు నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. అదే కాల్షియం కిడ్నీలో రాళ్లుగానూ మారవచ్చు, అందుకే నీళ్లు బాగా తాగమని వాళ్లను పోరుతుంటారు.

మరుగుదొడ్డి ఎలా పనిచేస్తుందని అందరూ గుసగుసగా అడుగుతారు. దాచడానికేముంది. కింద నీళ్లు చేసే పనిని అక్కడ గాలి చేస్తుంది. ఫ్యాన్ వేస్తే గాలి లోపలికి లాగుతుంది. మూత్రానికి గరాటా ఉన్న గొట్టం, దొడ్డికి చిన్న సీటు, కాళ్లకు ఆసరా. సీటు కింద సంచి ఉంటుంది, పనయ్యాక దాన్ని మూసి డబ్బాలోకి నెట్టాలి. నిండిన డబ్బాలు సరుకు మోసే నౌకలో మిగతా చెత్తతో పాటు వాతావరణంలో కాలిపోతాయి. 2020లో పంపిన కొత్త దొడ్డికి 2 కోట్ల 30 లక్షల డాలర్లు అయ్యింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో రోజుల్లో అయితే వెనక అంటించుకునే ప్లాస్టిక్ సంచి మాత్రమే. దానితో పోలిస్తే ఇది రాజభోగం. చెడిపోతే మాత్రం ప్లంబర్ రాడు, చేతులకు తొడుగులేసుకుని వాళ్లే దిగాలి. 2008లో రష్యన్ భాగంలోని దొడ్డి పంపు పాడైతే, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న డిస్కవరీ షటిల్‌లో ఆఖరి నిమిషంలో కొత్త పంపు ఎక్కించి పంపారు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, దాని వీడియోలు బోలెడున్నాయి. నీళ్లు తీసేసి ఎండబెట్టినవి, డబ్బాల్లో వేడిచేసి మూసినవి, గింజలు, పళ్లు. వండటం లేదు, పొట్లాల్ని పెట్టెలాంటి వేడి యంత్రంలో పెట్టుకోవడమే. పొడిపొడిగా రాలేది ఏదైనా శత్రువే. 1965లో జెమిని 3 యాత్రలో జాన్ యంగ్ జేబులో శాండ్‌విచ్ దాచి తీసుకెళ్తే, బ్రెడ్డు రాలి పెద్ద గొడవైంది. ఆ ముక్కలు స్విచ్చుల్లో దూరవచ్చు, కంట్లో పడవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇప్పుడు బ్రెడ్డు బదులు రాలని మెత్తటి టోర్టిల్లా రొట్టెలు తింటారు. ఉప్పూ మిరియాలూ కూడా చుక్కలు వేసుకునే ద్రవంగా ఉంటాయి.

రుచి విషయం మాత్రం డాక్టరుగా చెప్పాలి. నిలబడ్డప్పుడు కాళ్లలో ఉండాల్సిన ద్రవం అక్కడ ఛాతీకి, తలకు ఎక్కుతుంది. మొహం ఉబ్బుతుంది, కాళ్లు పుల్లల్లా సన్నబడతాయి. ముక్కు దిబ్బడగా ఉంటే కింద మనకు ఏ కూరైనా ఎలా చప్పగా ఉంటుందో, అలాగే వాళ్లకూ అనిపిస్తుంది. అందుకే కింద ఉన్నప్పుడు కారం ముట్టనివాళ్లు కూడా పైన ఘాటైన సాసు సీసా కోసం వెతుక్కుంటారు. ఇంకో ఇబ్బంది త్రేన్పు. కడుపులో గాలి పైకి, తిండి కిందికి విడిపోవాలంటే బరువు ఉండాలి. అది లేదు కాబట్టి త్రేనిస్తే గాలి ఒక్కటే రాదు. సోడాల్లాంటివి అక్కడ ఎందుకు తాగరో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

స్నానం లేదు. 1970ల్లో స్కైలాబ్‌లో గుండ్రటి తెరను చుట్టూ లాక్కుని స్నానం చేసే షవర్ పెట్టారు. నీళ్లు ఒంటికి అతుక్కుని కదలవు, వాటిని గొట్టంతో పీల్చి తీయాలి, తర్వాత తెరనంతా తుడవాలి. మొత్తం తతంగానికి రెండున్నర గంటలు పట్టేది. ఆ ముచ్చట అక్కడితో తీరిపోయింది. ఇప్పుడు తడి తువ్వాలు, కడగనక్కర్లేని షాంపూ. పళ్లు తోముకుని నురగ మింగుతారు, లేదా తువ్వాల్లో ఉమ్ముతారు. జుట్టు కత్తిరించే మిషనుకు వాక్యూమ్ గొట్టం తగిలిస్తారు. బట్టలు ఉతకడం లేదు. వేసినవే రోజుల తరబడి వేసి, ఇక లాభం లేదనుకున్నాక చెత్తలో కట్టేస్తారు. వ్యాయామం చేసే బట్టలు వారం తర్వాత ఎలా ఉంటాయో ఊహకే వదిలేస్తున్నాను. విచిత్రమేమిటంటే బట్ట ఒంటి మీద ఆనకుండా తేలుతూ ఉంటుంది కాబట్టి మనం అనుకున్నంత త్వరగా మాయదట.

గోళ్లు కత్తిరించేది గాలిని లోపలికి లాక్కునే జాలీ దగ్గర కూర్చుని. 'కూర్చుని' అన్నాను చూడండి, అలవాటు. కాలివేళ్లు రెయిలింగు కింద దూర్చి నిలదొక్కుకుని. ఆ జాలీ ఇంట్లో మంచం కింద లాంటిది, పోయినవన్నీ అక్కడికే చేరతాయి. స్క్రూ, పెన్ను మూత, చెంచా ఏది కనిపించకపోయినా ముందు అక్కడ వెతుకుతారు. చేతిలోది వదిలితే కింద పడదు కదా అనుకుంటాం. కిందే పడితే ఎంత బావుండు, ఎక్కడ పడిందో తెలుస్తుంది! ప్రతి వస్తువుకూ వెల్క్రో ముక్కో, టేపో, సాగే తాడో ఉండాల్సిందే. ఫ్రాంక్ రూబియో అనే అమెరికన్ వ్యోమగామి 2023లో స్టేషన్‌లో పండించిన టొమాటోను సంచిలో పెట్టుకుంటే అది కాస్తా తప్పిపోయింది. ఆయనే తినేసి ఉంటాడని తోటివాళ్లు నెలల తరబడి ఏడిపించారు. ఆయన భూమికి తిరిగొచ్చేశాక, ఆ ఏడాది డిసెంబరులో, ఎండిపోయిన టొమాటో ఒక మూల దొరికింది. పాపం, నింద తొలగిందని టీవీలో ప్రకటించాల్సి వచ్చింది.

శనివారం ఇల్లు శుభ్రం చేసుకోవడం. నిజమే, వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని జాలీలన్నీ దులపడం, చేతులు తగిలే చోట్లన్నీ తడిగుడ్డతో తుడవడం. దుమ్ము కూడా కింద పడదు మరి.

అసలు పని ఏమిటంటారా? ప్రయోగాలు, మరమ్మతులు, సరుకు సర్దడం. ఈ మూడింట్లో ప్రయోగాలకే పేరొస్తుంది గానీ, సరుకు నౌక వచ్చిన వారం అక్కడ గోడౌన్‌లో కూలీ పనే. వందల సంచులు దించాలి, ఏ సంచి ఎక్కడ పెట్టారో రాయాలి. ప్రయోగాల్లో చాలా వాటికి వాళ్ల ఒళ్లే ముడిసరుకు. తమ రక్తం తామే తీసుకుని ఫ్రీజర్‌లో పెడతారు, కళ్లకు, రక్తనాళాలకు అల్ట్రాసౌండ్ తామే చేసుకుంటారు. కింద స్పెషలిస్టు తెర మీద చూస్తూ కొంచెం ఎడమకి, ఇంకొంచెం నొక్కండి అని చెబుతుంటారు. అలా మామూలు ప్రయోగంగా మెడ సిర చూస్తుంటే ఒక వ్యోమగామికి అందులో గడ్డకట్టిన రక్తం కనిపించింది. ఏ లక్షణమూ లేదు. స్టేషన్‌లో ఉన్న రక్తం పల్చబరిచే ఇంజక్షన్లు కొద్దే. వాటిని పొదుపుగా వాడించి, సరుకు నౌకలో మాత్రలు పంపి, భూమ్మీది డాక్టర్లే వైద్యం నడిపారు. ఆ కేసు రిపోర్టు చదివినప్పుడు నాకు కలిగిన భయం మామూలుది కాదు. మెడ సిరలో రక్తం నిలిచిపోవచ్చని, కొందరిలో వెనక్కి కూడా నడవచ్చని అంతకు ముందు ఎవరం అనుకోలేదు.

బయటికి వెళ్లి చేసే స్పేస్‌వాక్ గురించి రెండే మాటలు. ఆరేడు గంటలు సూట్‌లో ఉండాలి, లోపల డైపరు ఉంటుంది. సూట్ గాలితో బిగిసి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ పిడికిలి బిగించడం అంటే టెన్నిస్ బంతి పిసికినట్టు, కొందరికి గోళ్లు ఊడతాయి. 2013 జులైలో ఇటలీ వ్యోమగామి లూకా పార్మిటానో హెల్మెట్‌లోకి లీటరున్నర దాకా నీళ్లు చేరాయి. నీళ్లు కిందికి జారే చోటైతే మెడ తడిసేది, అంతే. అక్కడ కళ్లకు, ముక్కుకు అతుక్కుపోయాయి. చూపు ఆనకపోయినా తాడు పట్టుకుని తడుముకుంటూ లోపలికి చేరారు.

నిద్ర. చిన్న బీరువా అంత గది, గోడకు కట్టిన నిద్ర సంచి, ఒక లాప్‌టాప్, ఇంటివాళ్ల ఫొటోలు. నిలువో అడ్డమో లేదు. నిద్రలో చేతులు ముందుకు తేలుతుంటాయి, చూస్తే జడుసుకుంటాం. దిండు దండగ, అయినా తల దేనికో ఆనితే తప్ప నిద్ర పట్టని వాళ్లు పట్టీతో తలను కట్టుకుంటారు. ఫ్యాన్లు ఆగకుండా మోగుతూనే ఉంటాయి, ఆగకూడదు కూడా. వేడి గాలి పైకి లేవదు కాబట్టి ఫ్యాన్ లేకపోతే వదిలిన ఊపిరి మొహం చుట్టే మబ్బులా నిలబడుతుంది, తలనొప్పితో మెలకువ వస్తుంది. అసలే స్టేషన్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇక్కడికంటే చాలా రెట్లు ఎక్కువ. కళ్లు మూసుకుంటే అప్పుడప్పుడూ మెరుపు మెరిసినట్టుంటుంది. అంతరిక్షంలోంచి వచ్చే కాస్మిక్ కిరణం కంట్లోంచి దూసుకుపోయిన గుర్తు అది, అపోలో యాత్రికులూ చూశారు. ఎనిమిదిన్నర గంటలు నిద్రకని కేటాయించినా, కొలిచి చూస్తే సగటున ఆరు గంటలే పడుకుంటున్నారని తేలింది. నూటికి డెబ్బై అయిదు మంది ఎప్పుడో ఒకప్పుడు నిద్రమాత్ర వేసుకున్నవాళ్లే. ఎవరూ దీన్ని వీడియో తీసి పెట్టరు.

బోర్ సంగతి. అంత పనిలో బోర్ కొట్టే తీరిక ఉండదు, కొట్టేది ఒంటరితనం. మామూలుగా ఏడుగురు, అవే మొహాలు. శుక్రవారం రాత్రి స్టేషన్‌లోని రష్యన్, అమెరికన్ భాగాల వాళ్లందరూ ఒకే బల్ల చుట్టూ చేరి కలిసి తినే అలవాటు చాలా బృందాల్లో ఉంది. నా దృష్టిలో అది ఏ మందుకంటే తక్కువ కాదు. వారానికోసారి ఇంటివాళ్లతో వీడియో, ఎప్పుడంటే అప్పుడు ఇంటర్నెట్ ఫోన్. మాట చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది, అవతలివాళ్లు ఎవరూ లేరనుకుని పెట్టేస్తుంటారు. 2015 క్రిస్మస్‌కు బ్రిటిష్ వ్యోమగామి టిమ్ పీక్ ఇంటికి చేయబోయి రాంగ్ నంబర్‌కి చేసి, 'హలో, ఇది భూగ్రహమేనా?' అని అడిగి, తర్వాత ఆ పెద్దావిడకు క్షమాపణ చెప్పుకున్నారు. ఖాళీ దొరికితే అందరూ చేరేది కుపోలా అనే ఏడు కిటికీల గూట్లోకి. మీరనుకున్న కిటికీ దృశ్యం నిజమే, కాకపోతే షెడ్యూలులో దానికి టైము రాసి ఉండదు.

కష్టమల్లా తిరుగు తేదీ మారినప్పుడు. ఎనిమిది రోజులకని 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 286 రోజులు ఉండి వచ్చారు. ఆరు నెలలకని వెళ్లిన రూబియో, వాళ్లను తీసుకెళ్లిన రష్యన్ సోయుజ్ నౌకలో చల్లబరిచే ద్రవం (కూలెంట్) కారిపోవడంతో 371 రోజులు ఉన్నారు. మా బెడ్ రెస్ట్ వాళ్లకు ఇంకో రెండు రోజులు పొడిగించాల్సి వస్తుందేమో అని ఒకసారి నోరు జారాను. ఆ గదిలో నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు అప్పుడు అర్థమైంది, ఎన్ని రోజులైనా భరిస్తారు, లెక్క మారితే మాత్రం భరించడం కష్టం.

తిరిగొచ్చాక ఏమవుతుందని మీరు అడగలేదు గానీ, పాదాల సంగతి చెప్పకుండా ఆపలేను. అక్కడ ఎవరూ నడవరు. అరికాలి గట్టి చర్మం మెత్తబడి పొరలు పొరలుగా ఊడిపోతుంది. మేజోళ్లు విప్పితే ఆ పొట్టు గదంతా తేలుతుంది కాబట్టి జాగ్రత్తగా, జాలీ పక్కనే విప్పుతారు. దానికి బదులు పాదం పైభాగాన, బొటనవేలి మీద కాయలు కాస్తాయి, రోజంతా వేళ్లను రెయిలింగు కింద దూర్చి ఆగేది వాటితోనే కదా. దిగాక లెక్క తిరగబడుతుంది. తల తిరగడం, తూలడం కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. చంటిపిల్లల పాదాల్లా అయిపోయిన అరికాళ్లు మాత్రం గచ్చు మీద ప్రతి అడుగుకూ మండుతుంటాయి. పైన కాసిన కాయలు మెల్లగా ఊడుతూ, కింద కొత్త చర్మం గట్టిపడుతూ వస్తుంది.